మూల దాకా

ఆలపల్లి నుంచి ఏటపల్లి వెళ్లే దారిలో వెల్డింగ్ షాపు ముందు బండి ఆపినవాళ్లు మొదట అనే మాట దాదాపు ఒకటే. "జర మందంగ వెయ్యి తమ్మీ, మళ్ల రావద్దు." తెచ్చింది ట్రాక్టర్ ట్రాలీ కొక్కెం కావచ్చు, టిప్పర్ డాలా కింది పట్టీ కావచ్చు, ఇంటి గేటు కావచ్చు, అడిగేది మందమే. కుర్రాడు కాదనడు. రాడ్డు వెనక రాడ్డు కాలుస్తాడు. చిప్పింగ్ సుత్తితో స్లాగ్ (చిట్టెం) రాలగొట్టి వైరు బ్రష్‌తో రుద్దేసరికి, రెండు ప్లేట్లు కలిసిన మూలలో వేలంత లావున గట్టు మెరుస్తుంది. బండాయన దాన్ని బొటనవేలితో తడిమి, తృప్తిపడి, డబ్బులిచ్చి వెళ్తాడు.

ఆ లావుకీ బలానికీ ఉన్న చుట్టరికం మనం అనుకునేంత దగ్గరిది కాదు. ఈ సంగతి ఏ ఊళ్లోనైనా చెప్పదగ్గదే, ఇక్కడ చెప్పాల్సిన అవసరం ఇంకా ఎక్కువ. ఏటపల్లి తాలూకాలోనే సూర్జాగఢ్ ఇనుప కొండలున్నాయి. అక్కడ తవ్విన ఖనిజం టిప్పర్లకెక్కి, గుంతల్లో పడుతూ లేస్తూ అడవి దారులు దాటుతుంది. దక్షిణాన సిరోంచ వైపు దిగితే ప్రాణహిత మీద, గోదావరి మీద, ఇంద్రావతి మీద వంతెనలొచ్చాయి. ఒకప్పుడు పడవెక్కి దాటిన చోట ఇప్పుడు లారీలు దాటుతున్నాయి. మేడిగడ్డ బ్యారేజీకున్న 85 గేట్లూ ఇనుప ప్లేట్లకు పట్టీలు, చేతులు వెల్డ్ చేసి నిలబెట్టినవే. (2023 అక్టోబర్‌లో ఆ బ్యారేజీ పిల్లర్లు కుంగడం ఇక్కడివాళ్లందరికీ తెలుసు. అది పునాదికి సంబంధించిన విషయం, దాన్ని వెల్డింగ్‌తో కలపను.) ఇనుము పుట్టే కొండలు పక్కనే ఉన్నాయి, ఇనుము మోసే బండ్లు ఇంటి ముందు నుంచే పోతున్నాయి. ఆ ఇనుమును కలిపి ఉంచే అతుకు గురించి మాత్రం మనం మాట్లాడుకునేది తక్కువ.

ఒక ప్లేటు మీద మరో ప్లేటును నిలువుగా నిలబెట్టినా, ఒకదాని మీద ఒకటి సగం కప్పి పెట్టినా మధ్యలో ఒక మూల ఏర్పడుతుంది. ఆ మూలను కరిగిన లోహంతో నింపితే ఫిల్లెట్ వెల్డ్. అడ్డంగా కోసి చూస్తే త్రికోణంలా ఉంటుంది. మూల నుంచి ప్లేటు వెంబడి అది ఎంత దూరం పాకిందో ఆ కొలతను లెగ్ అంటారు. "6 ఎంఎం ఫిల్లెట్" అంటే లెగ్ 6 ఎంఎం. కానీ బరువు మోసేది లెగ్ కాదు. మూల నుంచి వెల్డ్ ముఖానికి ఉన్న అతి దగ్గరి దూరం మోస్తుంది, దాని పేరు త్రోట్. ప్లేట్లు లంబకోణంలో ఉంటే లెగ్‌ను 0.7తో హెచ్చవేస్తే త్రోట్ వస్తుంది. 6 ఎంఎం వెల్డ్‌కు 4.2 ఎంఎం. అతుకు తెగితే సాధారణంగా తెగేది అక్కడే, దాని అతి సన్నని చోట.

మన దేశంలో ఉక్కు కట్టడాలకు ప్రమాణం ఐఎస్ 800. దాని 2007 నాటి లెక్కతో చూస్తే, మామూలు మైల్డ్ స్టీల్ మీద 6 ఎంఎం ఫిల్లెట్ 10 సెంటీమీటర్ల పొడవున వేస్తే దాదాపు 8 టన్నులు మోయగలదని తీసుకోవచ్చు. ఇది వర్క్‌షాపులో వేసిన వెల్డ్‌కు. అదే వెల్డ్ సైట్ మీద, ఎండలో, నిచ్చెన మీద నిలబడి వేసిందైతే లెక్క దాదాపు 6.7 టన్నులకు దిగుతుంది. రాడ్డు అదే, ఇనుము అదే, కొలత అదే. మనిషి నిలబడ్డ చోటు మారితే నమ్మకం ఎంత తగ్గాలో ఆ పుస్తకం రాసిపెట్టింది. ఇంజనీర్ల పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి. వెల్డ్ వెనక ఒక చెయ్యి ఉందనీ, ఆ చేతికి అలసట, వంకర, గాలి, చెమట ఉంటాయనీ వాళ్లు మరిచిపోలేదు.

ఇప్పుడు "మందంగ వెయ్యి" సంగతి చూద్దాం. లెగ్‌ను 6 నుంచి 8కి పెంచితే త్రోట్ మూడోవంతు పెరుగుతుంది. పోసే లోహం మాత్రం త్రికోణం వైశాల్యం కాబట్టి 36కు 64 చొప్పున పెరుగుతుంది, అంటే 78 శాతం ఎక్కువ. 6 నుంచి 12కు పోతే బలం రెట్టింపు, లోహం నాలుగింతలు. మీటరు పొడవుకు 6 ఎంఎం వెల్డ్‌లో దాదాపు 140 గ్రాముల లోహం ఉంటే 12 ఎంఎం వెల్డ్‌లో 565 గ్రాములుంటుంది. ఆ లోహమంతా వేడిని వెంటబెట్టుకుని వస్తుంది. సన్నని ప్లేటు మెలితిరుగుతుంది, పట్టీ ఒక పక్కకు లాగేస్తుంది, వెల్డ్ అంచు పక్కన ఇనుము గుణమే మారుతుంది. తర్వాత నెల రోజులకు అదే బండి తిరిగొస్తుంది. "వెల్డింగ్ ఆగింది అన్నా, ఇనుమే పోయింది" అంటాడు డ్రైవర్. గట్టు చెక్కుచెదరలేదు, దాని అంచు వెంబడే ప్లేటు గీత గీసినట్టు పగిలింది. డ్రైవర్ దాన్ని వెల్డ్‌కు కితాబు అనుకుంటాడు. నిజానికి అది ఆ వెల్డ్ మీద ఫిర్యాదు. లావు గట్టుకూ సన్నని ప్లేటుకూ మధ్య ఉన్నట్టుండి మారే ఆ అంచులోనే ఒత్తిడి పోగవుతుంది. ఆపైన అక్కడ ప్లేటు కరిగి అండర్‌కట్ అనే గాడి కూడా పడి ఉంటే పగులు మొదలుకావడానికి ఇంకేమీ అక్కర్లేదు.

అలాగని సన్నగా వేయమని కాదు. మరీ చిన్న వెల్డ్‌కూ దాని కీడు దానికుంది. మందపాటి ప్లేటు వేడిని లాగేసుకుంటుంది. చిన్న గట్టు వేస్తే క్షణాల్లో చల్లారి పెళుసెక్కి పగులుతుంది. అందుకే ఐఎస్ 800 కనీస కొలతలు పెట్టింది. రెండు ప్లేట్లలో మందమైనది 10 ఎంఎం లోపు ఉంటే కనీసం 3, 10 నుంచి 20 మధ్య ఉంటే 5, 20 నుంచి 32 మధ్య ఉంటే 6. టిప్పర్ డాలాలకూ ట్రాలీలకూ మన షాపుల్లో వాడే ప్లేట్లకు ఈ చిన్న అంకెలే వర్తిస్తాయి. వేలంత గట్టు అవసరమైన చోట్లు నిజంగా తక్కువ.

అసలు సంగతి వీటన్నిటికీ లోపల ఉంది. 0.7 లెక్కలో త్రోట్‌ను మూల నుంచి కొలుస్తాం. అంటే కరిగిన లోహం మూల దాకా చేరిందని, అక్కడ రెండు ప్లేట్లనూ కరిగించి పట్టుకుందని ముందే ఒప్పేసుకుంటున్నాం. మూల దాటి లోపలికి ఇంకా చొచ్చుకుపోతే, దాన్నే పెనెట్రేషన్ అంటారు, మామూలు లెక్క దానికి ఏమీ ఎక్కువ ఇవ్వదు. కానీ మూల దాకానైనా చేరకపోతే లెక్క మొత్తం కూలిపోతుంది. 6 ఎంఎం వెల్డ్ కింద, మూలలో 2 ఎంఎం మేర లోహం చేరక ఖాళీగానో స్లాగ్‌తో నిండో ఉందనుకోండి. త్రోట్ 4.2 నుంచి 2.8కి పడిపోతుంది. బలంలో మూడోవంతు పోయినట్టే. బయట గేజ్ పెట్టి చూస్తే మాత్రం ఇంకా 6 ఎంఎమ్మే చూపిస్తుంది. ఏ గేజూ ఆ 2 ఎంఎమ్మును పట్టుకోలేదు, ఏ బొటనవేలూ పట్టుకోలేదు.

ఎందుకు చేరదు? కారణాలు ఎన్నున్నా, ఏటపల్లి షాపులో నిలబడి చూస్తే కొన్ని కళ్లకు కట్టినట్టుంటాయి. సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది. 10 నంబర్ రాడ్డుకు 100, 120 ఆంపియర్లు అందాల్సిన చోట సెట్టు మూలుగుతూ అంతకంటే తక్కువ ఇస్తుంది. ఆర్క్ వెలుగుతుంది, రాడ్డు కరుగుతుంది, కింది ప్లేటు మాత్రం కరగదు. ట్రాలీ మీద ఎర్రటి ఖనిజ ధూళి, గ్రీసు, పాత పెయింటు, తుప్పు ఉంటాయి. గ్రైండర్ పెట్టకుండానే మొదలుపెడితే లోహం వాటి మీద పరుచుకుంటుంది. దుమ్ము ఊడ్వకుండా పేడతో అలికిన అరుగు ఎండగానే పెచ్చులు లేచినట్టే ఈ వెల్డ్ కూడా, పైన నున్నగా ఉన్నా కింద ఏమీ పట్టుకోలేదు. మూలలోకి రాడ్డును 45 డిగ్రీల్లో పట్టకపోతే లోహం ఒక ప్లేటు మీదకే ఎక్కుతుంది. ఆర్క్ పొడవు పెంచితే వేడి చెదిరిపోతుంది. ప్లేట్ల మధ్య సందు ఉంటే లెగ్‌లో అంత భాగం సందుకే పోతుంది. అందుకే సందు 1.6 ఎంఎం దాటితే ఆ మేరకు లెగ్ పెంచాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. వానాకాలం చెమ్మ పీల్చిన రాడ్లు బుడగలు విడుస్తాయి. లో-హైడ్రోజన్ రాడ్లనైతే 300 డిగ్రీల పైన ఓవెన్‌లో ఎండబెట్టి వాడాలి. ఓవెన్ ఉన్న చిన్న షాపు ఈ దారిలో నాకు కనిపించలేదు.

నిలువు అతుకుల గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పై నుంచి కిందికి రాడ్డు లాగితే పని వేగంగా అయిపోతుంది, వెల్డ్ చూడటానికి అందంగా, చదునుగా వస్తుంది. కింది నుంచి పైకి వేస్తే నిదానం, చేతికి నొప్పి, అలలు కాస్త మొరటుగా ఉంటాయి. లోతుగా దిగేది ఆ రెండోదే. కిందికి లాగినప్పుడు కరిగిన లోహం, స్లాగ్ ఆర్క్ కంటే ముందే జారి మూలను కప్పేస్తాయి. ఆర్క్ మూలను తాకనే తాకదు. చూపుకు నచ్చే వెల్డ్, మోసే వెల్డ్ వేరు కావడానికి ఇంతకంటే తేటగా ఉదాహరణ ఉండదు. అందం మీద నాకు వైరం లేదు. అలలు ఒకే తీరుగా ఉంటే చెయ్యి నిలకడగా ఉందని అర్థం, అది మంచి గుర్తే. అయితే అది చేతి గురించి చెబుతుంది, మూల గురించి చెప్పదు.

ఐఎస్ 800లో ఒక చిన్న నిబంధన ఉంది. రూట్, అంటే ఆ మూల, దాటి కనీసం 2.4 ఎంఎం లోతు వెళ్లిన వెల్డ్ అయితే, దాని కొలతకు ఆ 2.4 కలుపుకోవచ్చు. అంటే బయటికి 6గా కనిపించే వెల్డ్ లెక్కలో 8.4 అవుతుంది. బలం 40 శాతం పెరుగుతుంది. అదే బలాన్ని బయట గట్టు పెంచి సాధించాలంటే దాదాపు రెట్టింపు లోహం కాల్చాలి. లోతుకు వెళ్లినవాడికి ఇంత ప్రతిఫలం రాసిపెట్టిన ఆ నిబంధనను చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. యూరప్ ప్రమాణం కూడా లోతును లెక్కలోకి తీసుకోనిస్తుంది. అయితే ఆ లోతు ప్రతిసారీ వస్తుందని ముందుగా పరీక్షలతో చూపించాలి. అదీ న్యాయమే.

చూపించడం దగ్గరే ఫిల్లెట్‌తో చిక్కు. ఇక్కడి ఖనిజాన్ని నీళ్లలో కలిపి పంపడానికి హెడ్రి నుంచి కోన్సరి దాకా 85 కిలోమీటర్ల స్లర్రీ పైప్‌లైన్ 2025లో మొదలైంది. అలాంటి పైపులను కొసకు కొస పెట్టి వెల్డ్ చేస్తారు. ఆ అతుకు గోడకు ఎక్స్‌రే తీసి లోపల లోహం చేరిందో లేదో చూసే వీలుంది. జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయే వెల్డర్లు భయపడే 6జీ పరీక్ష కూడా పైపు మీదే. 45 డిగ్రీల వాలులో బిగించిన పైపును కదల్చకుండా చుట్టూ వెల్డ్ చేయాలి. తర్వాత ముక్కలు కోసి వంచి చూస్తారు, పగుళ్లు విప్పుకుంటే ఫెయిల్. ఫిల్లెట్‌కు ఆ సదుపాయం లేదు. రెండు ప్లేట్లు కలిసే చోట సహజంగానే ఒక గీత ఉంటుంది కాబట్టి ఎక్స్‌రేలోనూ అల్ట్రాసోనిక్‌లోనూ ఆ గీత ఏదో, లోపం ఏదో విడదీయడం కష్టం. నిజం తెలియాలంటే కోయాలి. ల్యాబుల్లో నమూనా ముక్కను అడ్డంగా కోసి, ఎమరీ కాగితంతో అద్దంలా రుద్ది, ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్‌తో తడిపితే వెల్డ్ లోహం, దాని చుట్టూ వేడికి గుణం మారిన అంచు, అసలు ప్లేటు మూడు రంగుల్లో విడివిడిగా తేలతాయి. మూలలో లోహం గోరంత దిగిందా, అంచున ఆగిపోయిందా అన్నది అక్కడ దాగదు.

ఉత్తర సముద్రంలో, నార్వే వైపు, ఇదే 6 ఎంఎం ఎంత పని చేసిందో చెప్పాలి. ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో అలెగ్జాండర్ ఎల్. కీలాండ్ అనే తేలియాడే ప్లాట్‌ఫాం మీద పనివాళ్లు ఉండేవాళ్లు. 1980 మార్చి 27న తుపాను గాలిలో దాని అయిదు కాళ్లలో ఒకటి విరిగిపోయింది, ప్లాట్‌ఫాం తలకిందులైంది. ఉన్న 212 మందిలో 123 మంది చనిపోయారు. దర్యాప్తు చివరికి కాళ్లను కలిపే ఒక బ్రేస్ మీద హైడ్రోఫోన్ తగిలించడానికి పెట్టిన చిన్న అమరిక దగ్గర ఆగింది. నీటిలో శబ్దాలు వినే పరికరానికి ఆధారం అది. బరువు మోసేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. దాన్ని పట్టి ఉంచిన 6 ఎంఎం ఫిల్లెట్ వెల్డ్ సరిగా లోపలికి దిగలేదు, పగిలింది. ఆ పగులు లోపల పెయింటు కనిపించింది. అంటే ప్లాట్‌ఫాం కట్టిన యార్డు దాటకముందే ఆ వెల్డ్ పగిలి ఉంది, పగులు మీదే రంగు వేశారు. అలల తాకిడికి రోజూ కొంచెం కొంచెం పెరిగి ఆ పగులు బ్రేస్‌ను తినేసింది. చిన్న వస్తువును తగిలించే వెల్డ్ కదా, దానికి అంత శ్రద్ధ దేనికి అనిపించే ప్రతిచోటా నేను ఈ కథ చెబుతాను.

మన షాపుల్లో పగులు మీద రంగు వేయరు, వెల్డ్ వేస్తారు. విరిగిన పట్టీ వస్తే పాత పగులును అలాగే ఉంచి దాని మీదే కొత్త గట్టు పరుస్తారు. పగులు మూసుకుపోయినట్టు కనిపిస్తుంది, కింద అది బతికే ఉంటుంది, ప్రతి గుంతకూ కొంత పైకి పాకుతుంది. పగులు కొస ఎక్కడుందో వెతికి అక్కడ చిన్న రంధ్రం వేయాలి, పగులు పొడవునా గ్రైండర్‌తో గాడి తీసి శుభ్రమైన ఇనుము కనిపించేదాకా పోవాలి, అప్పుడు కింది నుంచి నింపుకుంటూ రావాలి. వీలైన చోట రెండు వైపులా వెల్డ్ వేయాలి. నిలువు పట్టీకి ఒక వైపే ఫిల్లెట్ వేస్తే, పట్టీ ఊగినప్పుడల్లా రూట్ నోరు తెరుచుకుంటుంది. ఒక వైపు వేలంత వేసేకంటే రెండు వైపులా సన్నగా వేయడం ఎంతో మేలు.

మన కమ్మరులకు ఈ జ్ఞానం కొత్తది కాదు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు రెండు కొసలనూ కొలిమిలో తెల్లబడేదాకా కాల్చి, ఇసుకో వెలిగారమో చల్లి, ఒకదాని మీద ఒకటి పెట్టి సమ్మెటతో కొట్టేవాళ్లు. చల్లింది కరిగి, ఇనుము మీది పొరను చిట్టెంగా మార్చి, దెబ్బకు బయటికి చిమ్మిపోయేది. ఆ చిట్టెం లోపల చిక్కుకుంటే అతుకు నిలవదని వాళ్లకు తెలుసు. అందుకే కొట్టేముందు ఎక్కువ సమయం కాల్చడానికీ శుభ్రం చేయడానికీ పోయేది. అతుకు లోపల ఏం జరుగుతుందో చూడలేని మనిషి, చూడగలిగినప్పుడే, అంటే కలపకముందే, చేయాల్సిందంతా చేసేవాడు.

ఇప్పుడు ఆ ముందటి పనికే కూలి లేదు. చాలా షాపుల్లో లెక్క కాలిన రాడ్లకు. గ్రైండింగ్‌కు పట్టిన అరగంట బిల్లులోకి రాదు, మీద పోసిన లోహం వస్తుంది. ఈ లెక్క ఉన్నంత కాలం కుర్రాడు మూల శుభ్రం చేయడం మీద కాక గట్టు లావు మీద చెయ్యి ఉంచడం సహజం. తప్పు ఆ కుర్రాడిదని నేను అనను. ఐటీఐలో ఏడాది పాటు వెల్డర్ ట్రేడ్ నేర్చుకుని వచ్చినవాడికి కూడా మన డబ్బు రోజూ నేర్పే పాఠం ఇదే. బండి యజమానులు ముందు ఈ పద్ధతి మార్చాలి. శుభ్రం చేయడానికి పట్టిన సమయానికి విడిగా డబ్బులివ్వండి, ఇచ్చి అక్కడ నిలబడి చూడండి. "మందంగ వెయ్యి" అనే బదులు "తుప్పు తియ్యి, లోపటికి పట్టాలె" అనండి.

షాపు నడిపే అన్నదమ్ములకు ఒక విన్నపం. కొత్త కుర్రాడు చేరినప్పుడూ, కొత్త రాడ్ల పెట్టె విప్పినప్పుడూ, వోల్టేజీ మీద అనుమానం వచ్చినప్పుడూ ఒక పరీక్ష చేయండి. 10 ఎంఎం తుక్కు ముక్కలు రెండు తీసుకుని టీ ఆకారంలో నిలబెట్టి, ఒక వైపు మాత్రమే ఫిల్లెట్ వేయండి. మధ్యలో ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి, లోపాలు ఎక్కువగా దాక్కునేది అక్కడే. చల్లారాక కింది ముక్కను వైస్‌లో బిగించి, నిలువు ముక్కను వెల్డ్ ఉన్న వైపుకే సుత్తితో పడగొట్టండి, అప్పుడే రూట్ విప్పుకుంటుంది. విరిగిన ముఖం మూల దాకా బూడిద రంగులో గరుగ్గా చిరిగినట్టుంటే ఆ చెయ్యి, ఆ కరెంటు, ఆ రాడ్డు సరైనవి. మూలలో ప్లేటు అసలు అంచు చెక్కుచెదరకుండా నున్నగా కనిపించినా, నల్లటి స్లాగ్ గీత ఉన్నా, కరెంటు పెంచి, కోణం సరిచూసుకుని మళ్లీ వేయండి. దీనికయ్యే ఖర్చు రెండు తుక్కు ముక్కలు, ఒకటో రెండో రాడ్లు.